ఈసారి తప్పక వస్తుందని నాన్న అంటున్నారు

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. నాన్న రొయ్యల రైతు. సొంత చెరువు ఒకటి, లీజుకు తీసుకున్నవి రెండు. నేను కొన్నేళ్లుగా వియత్నాంలోని హో చి మిన్ నగరంలో సముద్ర ఉత్పత్తుల కంపెనీలో నాణ్యత పరీక్షల విభాగంలో పనిచేస్తున్నాను. ఈ వర్షాకాలం చివర్లో మా మూడు చెరువులకూ తెల్లమచ్చ తెగులు తగిలింది. పట్టుబడికి నెల ఉందనగా నాలుగైదు రోజుల్లో అంతా పోయింది. మేత దుకాణం బాకీ, లీజు డబ్బు, ఫైనాన్సు అప్పు మిగిలాయి.

నేను అద్దెకుంటున్న ఇంటావిడ కా మావ్ వైపు మనిషి, అరవై దాటినావిడ. మనం పిన్ని అన్నట్లు నేను ఆవిడను ‘యీ’ అని పిలుస్తాను. ఆ కబురు తెలిసి ఏడుస్తుంటే నా చేయి పట్టుకొని “ట్రాంగ్ కాయ్ రూయి కో కాయ్ మై” అంది. దురదృష్టంలోనే అదృష్టం ఉంటుందని దాని అర్థం. నాకు ఒళ్లు మండిపోయింది. అప్పటినుంచి ఆవిడతో ముభావంగా ఉంటున్నాను. ఈ సంగతి నాన్నకు ఫోనులో చెబితే ఆయన, “ఆవిడ చెప్పింది నిజమే. ఒకసారి పోయిందంటే ఈసారి తప్పక వస్తుంది” అన్నారు. ఇల్లు తాకట్టు పెట్టి వెంటనే సీడ్ (రొయ్య పిల్లలు) వదులుతానంటున్నారు. అమ్మ భయపడుతోంది. నష్టం తర్వాత లాభం వచ్చి తీరుతుందా? నాన్నకు ఏమని చెప్పను? యీ మీద నాకు వచ్చిన కోపం తప్పా?

సమాధానం: అమ్మా, అన్నిటికంటే ముందు ఇంటి సంగతి చెబుతాను. మిగిలినవి నిదానంగా మాట్లాడుకోవచ్చు కానీ తాకట్టు కాగితం మీద సంతకం పడితే వెనక్కి తీసుకోవడం కష్టం. నష్టం తర్వాత లాభం వచ్చి తీరదు. రావచ్చు, రాకపోవచ్చు. వియత్నాం సామెత గానీ మన సామెత గానీ అలాంటి హామీ ఏదీ ఇవ్వలేదు. “కష్టసుఖాలు కావడి కుండలు” అని మనవాళ్లు అన్నారు. కావడికి రెండు కుండలూ ఉంటాయన్నంత వరకే ఆ మాట. ఒక కుండ ఖాళీ అయితే రెండోది దానంతటదే నిండుతుందని ఎవరూ అనలేదు. మీ నాన్నగారు ఆ లేని అర్థాన్ని పట్టుకొని ఇంటిని పణంగా పెట్టబోతున్నారు.

తెల్లమచ్చ తెగులు తెచ్చే వైరస్‌కు ఎవరి లెక్కలూ తెలియవు. పోయినసారి ఈ రైతు నష్టపోయాడు కదా అని ఈసారి ఆగదు. పైగా పోయినసారి తెగులు తగిలిన చెరువు ఈసారి మరింత ప్రమాదంలో ఉంటుంది. తెల్లమచ్చకు మందు లేదు. ఒకసారి బయటపడితే మూడు నుంచి పది రోజుల్లో చెరువు మొత్తం తుడిచిపెట్టుకుపోవచ్చు. మీ పనే నాణ్యత పరీక్షలు కాబట్టి ఇదంతా మీకు తెలిసే ఉంటుంది. అయినా నాన్నగారితో మాట్లాడేటప్పుడు పనికొస్తుందని చెబుతున్నాను. వైరస్ పీతల్లో, కాలువ నీటితో వచ్చే అడవి రొయ్యల్లో, గట్ల పక్కన తడి బురదలో మిగిలి ఉంటుంది. నీరు చల్లబడినప్పుడు, పగటికీ రాత్రికీ వేడి బాగా మారుతున్నప్పుడు తెగులు ఎక్కువగా విజృంభిస్తుంది. వర్షాకాలం చివర్లో పోయిన పంటకు బదులు వెంటనే సీడ్ వదిలితే చలి నెలలు ఎదురొస్తాయి. అంటే మీ నాన్నగారు “ఈసారి తప్పక వస్తుంది” అంటున్న కాలమే తెగులు రావడానికి ఎక్కువ వీలున్న కాలం. అదృష్టం వంతు ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను. ఈ నెలలు ఎవరి వైపున్నాయో మాత్రం చెప్పగలను.

ఇక ఆ మాట దగ్గరికి వస్తాను. దానికి మీరు అనుకున్నదానికంటే లోతైన చరిత్ర ఉంది.

వియత్నాంలో ఈ భావానికి ఒక పాత కథ ఉంది. ‘తాయ్ ఓంగ్ గుర్రం పోగొట్టుకున్నాడు’ అని ఇద్దరు ముగ్గురు మాట్లాడుకుంటుండగా మధ్యలో ఎవరో ఒకరు అంటారు. తాయ్ ఓంగ్ అంటే సరిహద్దు ముసలాయన. వాళ్లలో వాళ్లకు కథ మొత్తం చెప్పనక్కర్లేదు, అందరికీ తెలుసు. అది పుట్టింది చైనాలో. క్రీస్తు పూర్వం రెండో శతాబ్దంలో లియు ఆన్ అనే రాజు ఆస్థానంలో కూర్చిన గ్రంథంలో ఉంది. సరిహద్దు పల్లెలో ఒక ముసలాయన గుర్రం తప్పించుకొని అవతలి జాతుల భూమిలోకి పారిపోయింది. ఊరివాళ్లు ఓదార్చడానికి వచ్చారు. ఇది మేలు కాదని ఎలా చెప్పగలం అన్నాడు. కొన్ని నెలలకు ఆ గుర్రం మేలుజాతి గుర్రాలను వెంటబెట్టుకొని తిరిగొచ్చింది. ఊరివాళ్లు అభినందిస్తే, ఇది కీడు కాదని ఎలా చెప్పగలం అన్నాడు. కొడుకుకు స్వారీ అంటే ఇష్టం, కిందపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. మళ్లీ ఓదార్పులు, మళ్లీ అదే జవాబు. ఏడాదికి అవతలివాళ్లు దండెత్తి వచ్చారు. ఒంట్లో సత్తువున్న కుర్రాళ్లంతా విల్లు పట్టుకొని వెళ్లారు. కాలు అవిటిదైన కొడుకు ఇంట్లో మిగిలాడు.

మనవాళ్లకు ఈ కథ వినగానే రాజుగారి వేలు తెగినప్పుడు “అంతా మన మంచికే” అన్న మంత్రి గుర్తొస్తాడు. రెండూ దగ్గరి చుట్టాల్లాగే కనిపిస్తాయి కానీ స్వభావం వేరు. మంత్రికి ముందే తెలుసు, అంతా మంచికే. సరిహద్దు ముసలాయనకు ఏమీ తెలియదు. తెలియదన్న సంగతి ఒక్కటే ఆయనకు తెలుసు. గుర్రం పోయినప్పుడు మంచి జరుగుతుందని ఆయన పందెం కాయలేదు. ఇల్లు తాకట్టు పెట్టి ఇంకో గుర్రం కొనలేదు. తీర్పు చెప్పడానికి తొందరపడలేదు, అంతే. మీ నాన్నగారు ఆయన మాటే చెబుతున్నానని అనుకుంటున్నారు కానీ చేయబోతున్నది దానికి సరిగ్గా వ్యతిరేకమైన పని.

ఆ కథను పిల్లలకు చెప్పేటప్పుడు చాలామంది దాటేసే వాక్యం ఒకటుంది. యుద్ధానికి వెళ్లిన సరిహద్దు వాళ్లలో పదిమందికి తొమ్మిది మంది చనిపోయారని ఆ పాత గ్రంథంలో స్పష్టంగా రాశారు. ముసలాయన కొడుకు బతికింది అలాంటి పల్లెలో. ఇన్నిసార్లు గుమ్మంలోకి వచ్చి ఓదార్చిన, అభినందించిన ఇరుగుపొరుగువాళ్ల పిల్లలు తిరిగి రాలేదు. ఆ తల్లిదండ్రుల దగ్గరికి వెళ్లి “కీడులోనే మేలుంది” అని ఆయన అన్నట్లు కథలో ఎక్కడా లేదు. ఆయన ఆ మాటలన్నీ తన నష్టం గురించి, తన గుమ్మంలో నిలబడి అన్నవే. నాకు ఈ కథలో అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఇదే. తన దెబ్బ గురించి తాను అనుకుంటే ధైర్యమయ్యే మాట, ఎదుటివాడి దెబ్బ మీద వేస్తే కారమవుతుంది. అందుకే మీకు ఒళ్లు మండింది. ఆ కోపంలో తప్పు లేదు. చెరువు గట్టున చచ్చిన రొయ్యల కంపు ఇంకా పోకముందే దానిలో అదృష్టం వెతకమంటే ఎవరికైనా కోపం వస్తుంది.

కానీ ఆవిడ కా మావ్ మనిషి అన్నారు. అక్కడ నేను కాసేపు ఆగాను.

కా మావ్ వియత్నాం దక్షిణ కొస. మెకాంగ్ డెల్టా సముద్రంలోకి చొచ్చుకుపోయిన చోటు. 1996 నవంబరు తుపాను కోనసీమను ఎలా ఊడ్చేసిందో మీ నాన్నగారికి గుర్తుంటుంది. సరిగ్గా ఏడాదికి, 1997 నవంబరులో, లిండా తుపాను కా మావ్ మీద పడింది. ఆ ప్రాంతానికి తుపాన్లు అరుదు. చేపల వేటకు వెళ్లినవాళ్లు వేట మధ్యలోనే చిక్కుకుపోయారు. చనిపోయినవాళ్లు, ఆచూకీ లేనివాళ్లు కలిపి వేలల్లో ఉన్నారు. ఒడ్డున దీపాలు పెట్టుకొని ఎదురుచూసిన ఇళ్లు ఎన్నో.

ఆ తర్వాత ఉప్పు కథ. వేసవిలో మెకాంగ్‌లో నీరు తగ్గితే సముద్రం కాలువల్లోకి ఎగదన్నుతుంది, వరి చచ్చిపోతుంది. ఏళ్ల తరబడి తూములు కట్టి, గట్లు వేసి ఉప్పును ఆపడానికి పోరాడారు. 2000లో అక్కడి ప్రభుత్వం దిగుబడి సరిగా రాని వరి భూములను రొయ్యల సాగుకు మార్చుకోవచ్చని అనుమతించింది. కా మావ్ రైతులు పెద్ద ఎత్తున మారారు. వాళ్లలో చాలామంది అనుసరించే పద్ధతిని కాస్త దగ్గరగా చూడండి, ఇది మీ నాన్నగారికి కూడా ఆసక్తిగా ఉంటుంది. పొలం చుట్టూ లోతైన కందకం తవ్వుతారు. తవ్విన మట్టితో గట్టు వేస్తారు. మధ్యలో పొలం మెరకగా ఉండిపోతుంది. ఎండాకాలంలో తూము ఎత్తి ఉప్పునీటిని లోపలికి రానిస్తారు, పొలం మీదా కందకంలోనూ రొయ్య పెరుగుతుంది. వానలు మొదలయ్యాక ఆ వాననీటితోనే ఉప్పును కడిగి బయటికి వదిలేసి, మెరక మీద వరి నాటుతారు. కందకంలో మంచినీటి రొయ్యనో చేపలనో వేసుకుంటారు. వరి కోశాక మిగిలిన మొదళ్లు కుళ్లి తర్వాతి రొయ్యకు తిండి పుట్టిస్తాయి. రొయ్య వదిలిన ఎరువు వరికి పనికొస్తుంది. “రొయ్య వరిని కౌగిలించుకుంది” అని దానికి ముద్దుగా పేరు పెట్టుకున్నారు.

చూశారా, శాపమనుకున్న ఉప్పు కూడు పెట్టింది. కానీ దానంతటది పెట్టలేదు. మోకాలి లోతు బురదలో కందకం తవ్వినవాళ్లున్నారు. ఉప్పు దిగిందో లేదో నాలుకతో రుచి చూసి, తర్వాత మీటరుతో కొలిచి, అప్పుడే నారు వేసినవాళ్లున్నారు. తొందరపడి నాటినవాళ్ల వరి మాడిపోయింది. కథ అక్కడితో సుఖాంతం కూడా కాలేదు. 2011, 2012 సంవత్సరాల్లో డెల్టా చెరువుల్లో సీడ్ వదిలిన నెల రోజుల్లోపే రొయ్యలు కుప్పలుగా చచ్చాయి. కారణం తెలియక రైతులు అల్లాడారు. 2013లో అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ లైట్నర్ బృందం అది ఒక బ్యాక్టీరియా పని అని తేల్చింది. తర్వాత 2016లో తొంభై ఏళ్లలో చూడనంత కరువు, ఉప్పు. ఈసారి వానలు ఆలస్యమై, ఉప్పు కడగడానికి నీళ్లు లేక వరి పోయింది. కీడులో మేలు, మేలులో కీడు, మళ్లీ మొదటికి.

మీ యీ కుటుంబానికి ఇందులో ఏ ఏడాది ఏం పోయిందో నేను చెప్పలేను. మీరూ ఎప్పుడూ అడిగి ఉండరేమో. కానీ ఆ వయసు వాళ్లు ఆ ఊళ్లో పుట్టి పెరిగారంటే యుద్ధం చివరి ఏళ్లు, 1975 తర్వాతి రేషను కష్టాలు, తుపాను, ఉప్పు అన్నీ చూసే ఉంటారు. ఆ మాట ఆవిడ పుస్తకంలో చదివి మీకు అప్పజెప్పలేదు. తన ఇంట్లో ఎన్నోసార్లు తనకు తాను చెప్పుకున్న మాటను మీ చేయి పట్టుకొని మీకిచ్చింది. తొందరపడి ఇచ్చింది, అది నిజం. ముందు మీ పక్కన ఊరికే కూర్చొని ఉంటే బాగుండేది. అయినా చేయి పట్టుకొని అన్నదని మీరే రాశారు. నాలుగు గజాల దూరంలో నిలబడి అన్నదానికీ, చేయి పట్టుకొని అన్నదానికీ తేడా ఉంది.

ఆవిడ ఊరివాళ్లు ఈ ఒక్క సామెత మీదే బతకరు, అది కూడా తెలుసుకోండి. “ఏరుకు వంపులుంటాయి, మనిషికి వేళలుంటాయి” అంటారు. “మూడు తరాలు ఎవరూ కలవారు కారు, మూడు తరాలు ఎవరూ లేనివారు కారు” అని అర్థం వచ్చే మాట ఒకటుంది. మన “ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి” దాని పక్కన హాయిగా కూర్చుంటుంది. వీటికి పూర్తిగా ఎదురుతిరిగే మాటను కూడా వాళ్లే వాడతారు. “భాగ్యం జంటగా రాదు, ఆపద ఒంటరిగా రాదు” అని. మూలిగే నక్క మీద తాటిపండు పడుతుందని మనకు తెలియదా? కీడు వెనక మేలు వస్తుందని ఒక నోట, కీడు వెనక ఇంకో కీడు వస్తుందని అదే నోట. రెండూ నిజంగా చూసినవే. అందుకే వీటిలో ఏ ఒక్కదాన్నీ సూత్రంగా పట్టుకొని సీడ్‌కు ఆర్డరు పెట్టకూడదు. నాన్నగారు ఒక సామెతను చూపిస్తే మీరు రెండోది చూపించండి. పెద్దమనిషి, వాదన అర్థమవుతుంది.

ఈ విషయంలో నన్ను బాగా పట్టుకున్నది ఇంకొకటుంది. “గడ్డుకాలం చివరికొస్తే మంచికాలం వస్తుంది” అని వియత్నాం వాళ్లు అనేటప్పుడు వాడే ఆ గడ్డుకాలం, మంచికాలం పేర్లు జోస్యం చూసుకునే చైనా పురాతన గ్రంథం ఐ చింగ్‌లోని అరవై నాలుగు గుర్తుల్లో రెండింటివి. ‘థాయ్’ అంటే అంతా సాఫీగా సాగే స్థితి, పదకొండోది. ‘బీ’ అంటే అన్ని దారులూ మూసుకుపోయిన స్థితి, పన్నెండోది. సామెత ప్రకారం బీ తర్వాత థాయ్ రావాలి. గ్రంథంలో వరస అది కాదు. థాయ్ ముందు, బీ వెనక. ఆ బీ తర్వాత, పదమూడోదిగా, వచ్చే గుర్తు పేరు ‘దోంగ్ న్యన్’. మనుషులు ఒకరితో ఒకరు కలిసి నడవడం దాని అర్థం. దారులు మూసుకుపోయాక మొదట రావాల్సింది డబ్బు అని ఆ పెద్దలు అనుకోలేదు. నాకు ఈ వరస ఎంతో నచ్చింది, ఎందుకంటే మీ ఇంట్లో ఇప్పుడు సరిగ్గా అదే లేదు. నాన్నగారు ఒక్కరే నిర్ణయం తీసుకుంటున్నారు, అమ్మగారు ఒక్కరే భయపడుతున్నారు, మీరు వేల కిలోమీటర్ల దూరంలో ఒక్కరే కోపంగా ఉన్నారు.

కాబట్టి నాన్నగారితో ఇలా మాట్లాడండి. అదృష్టం గురించి అసలు ఎత్తవద్దు. “వద్దు నాన్నా” అని మొదలుపెట్టవద్దు, నష్టపోయిన రైతుకు ఆ మాట నువ్వు చేతకానివాడివి అన్నట్లు వినిపిస్తుంది. ప్రశ్నలు అడగండి. నీళ్లు పూర్తిగా తోడారా? నేల ఎండి బీటలు వారిందా? నల్లబురద తీశారా? పీతలు రాకుండా చుట్టూ వల కట్టారా? కొత్తగా పెట్టే నీటికి బ్లీచింగ్ చేసి ఎన్ని రోజులు ఆగుతున్నారు? పక్క చెరువుల్లో తెగులు తగ్గిందా, వాళ్ల నీళ్లు ఏ కాలువలోకి వదిలారు? సీడ్‌లో వైరస్ ఉందో లేదో తేల్చే పీసీఆర్ పరీక్ష చేయిస్తున్నారా, సీడ్ పెంచి అమ్మే హ్యాచరీ వాళ్ల కాగితం చూసి ఊరుకుంటున్నారా? వీటికి ఆయన జవాబు చెబుతూ ఉంటే, వెంటనే సీడ్ వదలడం కుదరదని ఆయనకే తెలుస్తుంది. ముప్ఫై ఏళ్ల కిందట టైగర్ రొయ్యకు తెల్లమచ్చ వచ్చి కోస్తా అంతా కుదేలైనప్పుడు, ఆగినవాళ్లలో కొందరైనా 2009లో వనామీ అనే మరో రకం రొయ్యకు అనుమతి వచ్చేదాకా నిలబడగలిగారు. పొలాన్నీ ఇంటినీ ఒకే అప్పులో పోగొట్టుకున్నవాళ్లకు ఆ అవకాశం మిగల్లేదు. ఆ కాలం ఆయన కళ్లముందు జరిగింది. మీరు గుర్తుచేస్తే చాలు.

ఒక పంట కాలం విరామం ఇమ్మనండి. లీజు చెరువులు రెండూ ఈసారికి వదిలేసి, సొంత చెరువు ఒక్కటే సరిగ్గా ఎండగట్టి, ఎండలు ముదిరాక తక్కువ సీడ్‌తో మొదలుపెట్టడం నా సలహా. లీజు యజమానితో మాట్లాడి గడువు అడగాలి. ఊళ్లో తెగులు అందరినీ తగిలి ఉంటే ఆయనకూ కొత్త కౌలుదారు దొరకడు, కాబట్టి బేరానికి చోటుంటుంది. మేత దుకాణం బాకీని వాయిదాల మీదకు మార్చమని అడగాలి, మాట నోటితో కాకుండా కాగితం మీద రాయించుకోవాలి. మీరు జీతంలోంచి పంపేది ఏదైనా ఉంటే అన్నిటికంటే ఎక్కువ వడ్డీ ఉన్న అప్పుకే మొదట వెళ్లాలి. కొత్త సీడ్‌కు ఒక్క రూపాయి కూడా పంపకండి. ఇది కఠినంగా వినిపించినా మెత్తబడకండి. ఇంటి పత్రాలు ఎవరి పేరు మీద ఉన్నాయో, తాకట్టుకు అమ్మగారి సంతకం కావాలో లేదో ఈ వారమే కనుక్కోండి. కావాలంటే, ఆవిడ సంతకం పెట్టనని చెప్పే హక్కు ఆవిడకుంది. ఆ సంగతి ఆవిడకు మీరే చెప్పాలి, ఇంకెవరూ చెప్పరు.

యీతో ముభావం ఈ రోజుతో ఆపేయండి. క్షమాపణలు అక్కర్లేదు. “యా, కోన్ కామ్ అన్ యీ” (ధన్యవాదాలు పిన్నీ) అనండి, మీకు నాకంటే బాగా పలకడం వచ్చు. ఆ తర్వాత “మీ ఊళ్లో ఉప్పు వచ్చిన ఏడాది మీరేం చేశారు?” అని ఆవిడను అడగండి. ఆవిడ చెప్పేది శ్రద్ధగా వినండి. కా మావ్‌లో చుట్టాలు ఎవరైనా వరి, రొయ్య కలిపి చేస్తుంటే ఒక సెలవు రోజు వెళ్లి చూసి రండి, ఆ కందకాల ఫొటోలు నాన్నగారికి పంపండి. మన దగ్గర భూమి తీరు, కాలువల కట్టడి, తీరప్రాంత సాగు నిబంధనలు వేరు. ఆ పద్ధతి యథాతథంగా మీ పొలంలో కుదరకపోవచ్చు. మత్స్యశాఖ వాళ్లను అడగకుండా గట్టు కూడా కదపవద్దు. కానీ తనలాంటి రైతు ఇంకో దేశంలో ఇదే ఉప్పుతో, ఇవే తెగుళ్లతో ఎలా నెగ్గుకొస్తున్నాడో ఆయన చూడాలి. రొయ్యల గురించి మాట్లాడుకుంటూ ఉన్నంతసేపు ఆయన మీకు అందుబాటులో ఉంటారు.

ఒక విషయం మాత్రం వాయిదా వేయకండి. అమ్మగారికి విడిగా ఫోను చేసి నాన్నగారు సరిగ్గా తింటున్నారా, రాత్రి నిద్రపోతున్నారా, ఒంటరిగా చెరువు దగ్గరికి వెళ్లి ఎక్కువసేపు ఉండిపోతున్నారా అని అడగండి. అప్పుల్లో ఉన్న రైతు “ఈసారి తప్పక వస్తుంది” అని గట్టిగా అంటున్నాడంటే, రాకపోతే తట్టుకోలేనని లోపల అనుకుంటూ ఉండవచ్చు. ఆయన నోట “నేను లేకపోతే మీరు బాగుంటారు” లాంటి మాట ఏదైనా వస్తే దాన్ని కోపంలో అన్న మాటగా కొట్టిపారేయవద్దు. దగ్గర్లో ఉన్న బంధువును ఆ రోజే ఇంటికి పంపండి, పురుగుమందులు, చెరువు మందులు ఇంట్లోంచి తీయించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, ఖర్చేమీ లేదు. ఆ నంబరు అమ్మగారి ఫోనులో ఈ రాత్రికే పెట్టించండి.